బ్రెండా గారి టిన్ను

ఆ బనానా బ్రెడ్ ఇంకో ముక్క తీసుకోండి, మొహమాటపడకండి. కానీ ఆ టిన్నుని మాత్రం ఎవరూ మెచ్చుకోకండి. పూలూ పిట్టలూ మూత మీద గుర్రబ్బండీ, చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. ఏడాదిగా నన్ను ఏడిపించుకు తిన్నది అదే. పోయిన నెల మా మైత్రి స్కూల్ గ్రౌండ్‌లో నలుగురి ముందూ నా పరువు పోయిందంటే అదీ దాని పుణ్యమే.

నవ్వు తర్వాత స్వప్నా, ముందు ఆ టీ పొయ్యి. చెప్తాను.

మా శ్రీనివాస్ కంపెనీ వాళ్ళు రెండేళ్ళు ఇంగ్లండ్ ఆఫీస్‌లో ఉండమన్నారని ఎగిరి గంతేసి వెళ్ళాం, మీకు తెలిసిందే. అమెరికా వచ్చి ఈ చాంటిలీలో పదిహేనేళ్ళున్నాం. సిటిజన్‌షిప్ వచ్చింది, మైత్రి ఇక్కడే పుట్టింది. అయినా మనల్ని ఒక్కరైనా అమెరికన్లు అన్నారా? అక్కడ దిగిన మర్నాటి నుంచీ వీధిలో మాకు అదే పేరు. పదకొండో నంబర్ ఇంట్లో అమెరికన్లు దిగారట. నాకు లోపల్లోపల కాస్త గర్వంగానే ఉండేది.

ఇల్లు మాత్రం ఆ గర్వం దించేసింది. వంటింట్లో ఫ్రిజ్ చూసి శ్రీనివాస్ ఏజెంట్‌ని అడిగాడు, "ఇది బానే ఉంది, అసలు ఫ్రిజ్ ఎక్కడ?" అని. అదే అసలుదట. కౌంటర్ కింద, నా నడుం ఎత్తు కూడా లేదు. దాని పక్కనే వాషింగ్ మెషీన్. సింక్‌లో చెత్త నలిపేసే డిస్పోజర్ లేదు. ఈ ఫ్రిజ్ సంగతీ డిస్పోజర్ సంగతీ కాస్త గుర్తుపెట్టుకోండి, తర్వాత పనుంది.

ఇక ఈయన డ్రైవింగ్. మొదటి నెలంతా పొద్దున్నే వెళ్ళి పాసింజర్ సీట్‌లో కూర్చునేవాడు. ఎదురుగా స్టీరింగ్ లేదని గమనించి, ఏదో వెతుకుతున్నట్టు గ్లవ్ బాక్స్ తెరిచి, మూసి, దిగి, అటు చుట్టూ తిరిగి వెళ్ళేవాడు. వీధిలో వాళ్ళు ఈయన చాలా జాగ్రత్త గల మనిషి అనుకున్నారు.

నా బాధ వేరే. నేను ఇక్కడ ఉద్యోగం మానేసి వెళ్ళానా, ఈయన ఆఫీస్‌కీ పిల్ల స్కూల్‌కీ పోయాక ఆ ఇంట్లో నేనూ, బయట వానా. మీకు ఫోన్ చేద్దామంటే మీకింకా తెల్లారదు. అక్కడ ఎవరూ చెడ్డవాళ్ళు కాదు. గుడ్ మార్నింగ్ అంటారు, వాన గురించి ఒక ముక్క అంటారు, తలుపేసుకుంటారు. మొత్తం వీధిలో నాతో నిలబడి మాట్లాడింది పక్కింటి బ్రెండా గారు ఒక్కరే. రిటైరైపోయిన మనిషి, ఆవిడా, భర్త కీత్, ఇద్దరే ఉంటారు. మేం వెళ్ళిన రెండో వారం బెల్ కొట్టి ఈ టిన్ను నా చేతిలో పెట్టింది. లోపల ఫ్రూట్ కేక్. "వెల్‌కమ్" అంది. అబద్ధం ఎందుకు, నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి.

అక్కడితో ఆగితే ఎంత బాగుండేది.

చూడండి, ఇక్కడ మనం ఎవరింటికి ఏం పట్టుకెళ్ళినా అల్యూమినియం ట్రేలో పట్టుకెళ్తాం. తిన్నాక ట్రే చెత్తలో పోతుంది. తిరిగిచ్చే గిన్నే లేదు కాబట్టి ఖాళీ గిన్నె అన్న బాధే లేదు. ఇన్నేళ్ళ తర్వాత నా చేతికి తిరిగివ్వాల్సిన గిన్నె ఒకటి వచ్చింది. శుభ్రంగా కడిగాను, తుడిచాను, గుమ్మం దాకా వెళ్ళాను. అక్కడ మా అమ్మ గొంతు వినిపించినట్టయింది, "ఖాళీ గిన్నె ఇస్తావుటే?" అని. వెనక్కి వచ్చి పులిహోర కలిపాను.

బ్రెండా మూత తీసి చూసి "ఓ, లవ్లీ" అంది. నాలుగు రోజులకి టిన్ను తిరిగొచ్చింది. లోపల ఎండుద్రాక్ష వేసిన రాళ్ళలాంటి బన్నులు. సరే, ఖాళీగా ఇవ్వలేను కదా, జంతికలు చేశాను. నిమ్మకాయ కేక్ వచ్చింది. అరిసెలు పంపాను. నారింజ తొక్కలతో చేసిన చేదు మార్మలేడ్ సీసాలు రెండు వచ్చాయి. గోంగూర పచ్చడి వెళ్ళింది. మళ్ళీ ఫ్రూట్ కేక్. ఆ తర్వాత ఫ్రూట్ కేకే స్థిరపడింది, వారానికొకటి. ఆవిడకి నేను పంపినవన్నీ లవ్లీ. నాకు ఆవిడ పంపినవన్నీ సో గుడ్. ఇద్దరం గుమ్మం దగ్గర ఒకళ్ళనొకళ్ళు పొగుడుకుని ఇంట్లోకి వెళ్ళి నెత్తి కొట్టుకునేవాళ్ళం. ఆవిడ కూడా కొట్టుకుంటోందని నాకప్పుడు తెలీదు.

ఎందుకంటే ఆ కేక్ మా ఇంట్లో తినే నాథుడు లేడు. శ్రీనివాస్‌కి షుగర్ అంచు మీదుందని డాక్టర్ ముందే భయపెట్టాడు. మైత్రి ఒక ముక్క కొరికి, "మామ్, కొవ్వొత్తి టేస్ట్ ఉంది" అని వదిలేసింది. నేను మొదటి రెండూ మర్యాదకి తిన్నాను, మూడో దానికి నా వల్ల కాలేదు.

పారేద్దామా అంటే ఎక్కడ? ఇక్కడైతే సింక్‌లో వేసి స్విచ్ నొక్కితే పోయేది. అక్కడ డిస్పోజర్ లేదని చెప్పానుగా. చెత్తబుట్టలో వేద్దామంటే బిన్నులు బయట పెట్టే రోజు పొద్దున్నే బ్రెండా గారు గ్లవ్స్ వేసుకుని వీధి మొత్తం బిన్నులు వరసలో సర్దుతుంది, పిడులన్నీ ఒకే వైపుకి వచ్చేలా. ఆవిడ కేక్‌ని ఆవిడ చేతుల మీదుగానే సాగనంపమంటారా? ఇక ఫ్రిజ్‌లో దాద్దామంటే, ఆ ఫ్రిజ్‌లో ఒక కేక్ పెడితే పాలు బయటికి రావాలి.

"ఒక్కసారి ఖాళీగా ఇచ్చెయ్. కేస్ వెయ్యదులే" అన్నాడు శ్రీనివాస్.

"నీకేం, ఆఫీస్‌లో కావలసినంత మంది. ఆవిడ మాట్లాడ్డం మానేస్తే నేను గోడలతో మాట్లాడాలా?"

"మరైతే తిను."

అప్పుడు నాకో బ్రహ్మాండమైన ఐడియా వచ్చింది. నేను ఆపితే తప్పు నాదవుతుంది. ఆవిడే ఆపాలి. అందుకని ఆవకాయ పంపాను. మా పెద్దమ్మ కారం పంపిందే, అది వేసి, ఏమాత్రం దయ లేకుండా కలిపాను. సీసాలో పెట్టి, మూత మీద అలవాటుగా మార్కర్‌తో 'ఆవ' అని రాసి, ఆ సీసాని టిన్నులో పెట్టి ఇచ్చాను. దీంతో సరి అనుకున్నాను.

మూడు రోజులకి కేక్‌తో వచ్చింది. "వెరీ లవ్లీ. కీత్‌కి ఎంత నచ్చిందో" అంది.

నేనేం చేశానో తెలుసా? ఇంకా పెద్ద సీసా కలిపి పంపాను, ఆ తర్వాత ప్రతిసారీ అదే. పాపం, కీత్‌కి నచ్చిందట కదా.

అలా నడుస్తుండగా స్కూల్‌లో సమ్మర్ ఫెయిర్ వచ్చింది. ఇక్కడ పీటీఏలో తిరిగిన అలవాటు నాకు, చెయ్యెత్తేశాను. టాంబోలా స్టాల్‌లో సాయానికి వేశారు. అక్కడ టాంబోలా అంటే మన హౌసీ కాదు. అందరూ ఇళ్ళలో వాడకుండా పడున్నవి తెచ్చిస్తారు. వాటికి నంబర్లు అంటించి టేబుల్ మీద పెడతారు. చీటీ కొని తీస్తే ఆ నంబర్ ఉన్న వస్తువు మీది. వాడకుండా పడున్నవి అని మెసేజ్‌లో చదవగానే నా ప్రాణం లేచొచ్చింది. ఆ వారం వచ్చిన ఫ్రూట్ కేక్ పొద్దున్నే ఫాయిల్‌లో చుట్టాను. మార్మలేడ్ సీసాల లేబుళ్ళు నీళ్ళలో నానబెట్టి పీకేశాను. బ్రెండా పిల్లలు ఎప్పుడో పెద్దవాళ్ళయిపోయారు, ఆవిడకి స్కూల్‌తో పనేమిటి, రాదులే అని ధైర్యం.

సంచి పట్టుకుని స్టాల్ దగ్గరికి వెళ్ళాను. టేబుల్ వెనక ఎవరున్నారంటారు? పిల్లలు చదివిన రోజుల నుంచీ ఏటా ఆ టాంబోలా నడిపేది బ్రెండా గారేనట. నేను వెళ్ళేసరికి ఒక సీసాకి నంబర్ అంటిస్తోంది. నూనె తేలిన ఎర్రటి సీసా. మూత మీద 'ఆవ'. ఆ చుట్టుపక్కల ఊళ్ళన్నీ వెతికినా తెలుగులో రాసున్న మూత ఇంకోటి దొరకదు కదా.

ఆవిడ నా సంచి వంక చూసింది. నేను ఆవిడ సీసా వంక చూశాను.

"వాన రాకుండా నిలబడింది, నయమే" అంది ఆవిడ.

"అవునండీ, లవ్లీ" అన్నాను నేను.

సంచిలోవి టేబుల్ మీద పెట్టాను. ఆవిడ ఆ ఫాయిల్ ముద్దకి నంబర్ అంటించింది. తన కేక్ ఆకారం తనకి తెలీదా? ఇంతలో కీత్ రెండు టీ కప్పులు పట్టుకుని వెనక నుంచి వచ్చాడు. నన్ను చూడలేదు. "ఆ కారం సీసా వదిలించేస్తున్నావా? హమ్మయ్య. షెడ్‌లో ఇంకా నాలుగున్నాయి, తెచ్చెయ్యనా?" అన్నాడు. అప్పుడు నన్ను చూశాడు. కప్పులు రెండూ మెల్లిగా బల్ల మీద పెట్టి, "మబ్బు పడుతున్నట్టుంది" అని వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నమంతా పక్కపక్క కుర్చీల్లో కూర్చుని ఒకళ్ళ తిండి ఇంకొకళ్ళం అమ్ముకున్నాం. అంతవరకూ కూడా పర్వాలేదు, ఎవరూ ఏమీ పైకి అనలేదు కాబట్టి ఏమీ జరగనట్టే. ఆ దేశంలో అదొక సుఖం. కానీ మన శ్రీనివాస్ గారు వేంచేశారు, కూతుర్ని వెంటేసుకుని. ఎప్పుడూ ఏ లాటరీలోనూ పెన్ను కూడా గెలవని మనిషి, ఒక్క చీటీ తీశాడు. కేక్ వచ్చింది.

ఫాయిల్ విప్పి మొహం ఇంత చేసుకుని, "బ్రెండా, చూడండి, అచ్చం మీ కేక్‌లానే ఉంది!" అన్నాడు.

"డాడ్, అది బ్రెండాదే" అంది మైత్రి. "మామ్ మార్నింగ్ ఫాయిల్ చుట్టింది కదా. వీ డోంట్ ఈట్ ఇట్."

భూమి చీలితే బావుండుననిపించింది. బ్రెండా నవ్వుతుందేమో, నేనూ నవ్వేద్దాం అని చూశాను. నవ్వలేదు. చీటీలు సర్దింది. సర్దినవే మళ్ళీ సర్దింది. అన్నీ అయ్యాక కోటు వేసుకుని వెళ్ళిపోయింది.

ఆ వారం బెల్ మోగలేదు. బిన్నుల రోజు పొద్దున్నే కిటికీలోంచి చూశాను. వీధిలో అందరి బిన్నులూ సైనికుల్లా వరసలో ఉన్నాయి, మా రెండూ తప్ప. అవి రాత్రి శ్రీనివాస్ పడేసిన చోటే వంకరగా ఉన్నాయి. నిజం చెప్తున్నాను, అది చూసి ఏడుపొచ్చింది. ఆవిడ గుమ్మం దగ్గర నిలబడి చెప్పే ఆ నాలుగు ముక్కలూ, గులాబీలకి పట్టిన పురుగు గురించీ, కీత్ మోకాలి గురించీ, అవే నాకు ఆ ఊళ్ళో ఉన్నవి. అవీ పోగొట్టుకున్నాను.

టిన్ను నా దగ్గరే ఉండిపోయింది. కౌంటర్ మీద నుంచి నన్నే చూస్తున్నట్టుండేది. ఇంక లాభం లేదని ఒకరోజు కడిగి, తుడిచి, ఏమీ పెట్టకుండానే పట్టుకెళ్ళాను. మా అమ్మ గొంతు వినిపిస్తూనే ఉంది, ఈసారి ఆగలేదు. బ్రెండా తలుపు తీసింది.

"ఇది ఖాళీ" అన్నాను. "లోపల ఏమీ లేదు. నేనేం చెయ్యలేదు."

ఆవిడ మూత తీసి చూసింది. మూసింది. నమ్మకం కుదరక మళ్ళీ తీసి చూసింది. "థాంక్ గాడ్" అంది, తలుపుకి ఆనుకుని.

"కేకులు చేసీ చేసీ నా నడుం విరిగిపోయింది. నువ్వెప్పుడు ఆపుతావా అని ఏడాదిగా చూస్తున్నాను."

"నేనా? మీరు ఆపాలని నేను చూస్తున్నాను."

"నేనెలా ఆపుతాను? నువ్వు టిన్ను నిండా అన్నం పెట్టి పంపావు. అమెరికాలో ఇలా తిరిగివ్వడం పద్ధతి కాబోలు, మనం ఊరుకుంటే చిన్నబుచ్చుకుంటారు అనుకున్నాను."

విన్నారా? పులిహోర అమెరికా మర్యాద అట. ఇద్దరం గుమ్మంలోనే నిలబడి కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వాం. లోపల కూర్చోబెట్టి టీ ఇచ్చింది. పక్కన బిస్కట్ కూడా లేదు. అంత రుచైన టీ నేను ఆ దేశంలో తాగలేదు. మైత్రిని స్కూల్ నుంచి తెచ్చుకునే టైమ్ దాకా మాట్లాడుకున్నాం. ఆ వారం మా బిన్నులు కూడా వరసలోకి వచ్చాయి.

కథ ఇక్కడ అయిపోవాలి. సెలవులకి ఇక్కడికి బయల్దేరడానికి రెండు రోజుల ముందు బ్రెండా మా ఇంటికొచ్చింది, టిన్ను పట్టుకుని. ఖాళీదే. "ఏమీ తేలేదు. చేతులూపుకుంటూ రావడం మర్చిపోయాను, అందుకని ఇది పట్టుకొచ్చాను" అంది. కూర్చుంది, మాట్లాడింది, వెళ్తానని లేచింది. టిన్ను చేతికందిస్తున్నాను. ఖాళీగా. ఏమనాలి నా చేతిని? కౌంటర్ మీద రెండు అరటిపళ్ళు నల్లబడుతూ ఉన్నాయి. వండింది కాదు కదా, పళ్ళే కదా అనుకున్నాను. పెట్టేశాను. ఆవిడ నా మొహం చూసింది, టిన్ను చూసింది, మూత పెట్టేసుకుంది.

మర్నాడు సాయంత్రం బెల్ మోగింది. మీరు ఇప్పుడు తింటున్నది అదే. ప్రయాణంలో తినమని ఇచ్చింది.

కాబట్టి చెప్పొచ్చేదేమిటంటే, ఈసారి ఈ టిన్నుని ఖాళీగానే తీసుకెళ్ళి ఖాళీగానే ఇస్తాను. గట్టిగా అనుకున్నాను. నవ్వండి, నవ్వండి, మీ గిన్నెల దాకా వస్తే తెలుస్తుంది.

స్వప్నా, ఏం చేస్తున్నావక్కడ? ఆ ముక్కలన్నీ ప్లేట్‌లోకి ఎందుకు తీశావు? కడగకు, కడగొద్దంటున్నానా. ఆ గవ్వల డబ్బా ఎందుకు దించుతున్నావు ఇప్పుడు? ఇంత చెప్పాక కూడా ఖాళీగా ఎలా పంపుతామంటావేమిటే?

వద్దు, నా మాట విను. వద్దంటే... సరే, పెట్టేవు గానీ, ఇంకో రెండు గుప్పిళ్ళు వెయ్యి. సగం టిన్ను పంపితే ఆవిడ ఏమనుకుంటుంది?