కళ్లంలో దిగిన విమానం

నా చిన్నప్పుడు, తిరువూరు పక్కన మా ఊళ్లో, మిరపకాయలు ఆరబోసిన రోజుల్లో మబ్బు కనిపిస్తే చాలు, జనం పనులు వదిలేసి కళ్లాలకు పరిగెత్తేవాళ్లు. ఎవరి కాయలని చూసేది లేదు, అందరూ కలిసి కుప్ప చేసి గోనెపట్టాలు కప్పాల్సిందే. అన్నం ముందు కూర్చున్నవాళ్లు కూడా ఎంగిలి చేత్తోనే వచ్చేవాళ్లు. డెబ్బైల నాటి మాట ఇది.

ఊరి కళ్లాలన్నీ ఒకే పొడుగాటి బయలులో ఉండేవి. చుట్టూ మామిడితోటలు, రాళ్లగుట్టలు. చదునైన నేలంటే అదొక్కటే. ఆ ఏడు దాని నడిమధ్యన మా కాయలు ఆరుతున్నాయి. మా నాన్న పోయాక అమ్మా, నాయనమ్మా రెక్కలు ముక్కలు చేసుకుని పండించిన మొదటి పంట. అది ఇంటికి చేరకపోతే మాకు తిండి లేదు.

ఆ మధ్యాహ్నం విస్సన్నపేట వైపు తోటలకు మందు చల్లే చిన్న విమానం మా మీదుగా పోతోంది. ఉన్నట్టుండి దాని మోత తెగితెగి వచ్చి, ఆగిపోయింది. ఇంజను చచ్చిన విమానం గుట్ట మీద ఒక వంపు తిరిగి సూటిగా మా బయలుకేసి దిగసాగింది. "కళ్లాల మీద పడుతోందర్రా!" అని ఎవరో కేక వేశారు.

అంతే, ఊరంతా పరిగెత్తుకొచ్చింది. చూడ్డానికి కాదండీ, మా కాయలు కుప్ప చెయ్యడానికి! పాపం, మా మీద జాలితోనే. మబ్బుకి అలవాటుపడ్డ చేతులు కదా, చూస్తుండగానే బయలు మధ్యలో నడుమెత్తు కుప్ప లేచింది. అమ్మ ఏడుస్తూ గోతంలోకి ఎత్తుతోంది, నేను గోతం మూతి పట్టుకున్నాను. దిగే విమానానికి అడ్డం ఆ కుప్పే, మేమేనని ఒక్కరికీ తట్టలేదు.

మా నాయనమ్మకి తట్టింది. "వదలండర్రా! కుప్పకి తగిలితే విమానంలోవాడు బతకడు!" అని అరుస్తూ వచ్చి కుప్పను కాళ్లతో తన్ని, రెండు చేతులా చిమ్మేసింది. అమ్మ మాత్రం గోతం వదల్లేదు. "అత్తా, పిల్లకేం పెట్టను?" అని గొల్లుమంది.

నాయనమ్మ గోతం లాక్కుని తిరగబోసింది. "కాయలు మళ్లా పండుతాయే. వాళ్లమ్మకి వాడు మళ్లా పుడతాడా?" అంది. అమ్మ జబ్బ ఒక చేత్తో, నా రెక్క ఇంకో చేత్తో పట్టుకుని కాలవగట్టు దాకా ఈడ్చుకుపోయింది. మిగతావాళ్లూ మా వెనకే పరిగెత్తారు.

విమానం గాలి కోసుకుంటూ వచ్చి కాయల మీద వాలింది. లేచిన ఘాటు దుమ్ముకి ఊరంతా ఒకటే తుమ్ములు, దగ్గులు. రెక్క ఒకటి విరిగి, మామిడిచెట్ల ముందు ఆగింది. అందులోంచి పాతికేళ్లు నిండని కుర్రాడు కళ్లు తెరవలేక తడుముకుంటూ దిగాడు. నాయనమ్మ వాడి మొహం కడిగి, కొంగుతో తుడిచి, చాలాసేపు తల నిమురుతూ ఉండిపోయింది.

పంట సగం నలిగింది, మిగిలిన దానికి మందు వాసన పట్టింది. ఆ సాయంత్రం నాయనమ్మ కళ్లంలో కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. కాయల కోసమే అనుకున్నారంతా. ఆవిడ మా నాన్నని పేరు పెట్టి పిలుస్తూ ఏడవడం పక్కనున్న నేను విన్నాను. ఆ ఏడు, ఆ కుప్ప చేసినవాళ్లే మాకు ముద్ద పెట్టారు.

ఇప్పుడు నాకు అరవై దాటాయి. కష్టం మీదికొస్తే నా చేతులు ముందు దేన్నో ఒకదాన్ని గట్టిగా పట్టుకుంటాయి. అప్పుడు నా రెక్క మీద నాయనమ్మ వేళ్లు బిగుసుకుంటాయి. పట్టుకున్నది వదిలేసి, ఎవరి ప్రాణం మీదికొచ్చిందో చూస్తాను.