ఇద్దరి బండిలో మెరవణి

అత్తగారింట్లో పెద్దల్లుడికి ఉండే మర్యాదను ఒక్క సాయంత్రంలో మట్టిలో కలుపుకోవడం ఎట్లో మీకు తెలియకపోతే కూర్చోండి, చెప్తాను. నేను ఎర్రటి ఇంగ్లీషు కారుతో కలుపుకున్నాను.

అప్పట్లో తిరుపతిలో నాకు సొంత వ్యాను ఉండేది. జనాల్ని శ్రీ సిటీ ఫ్యాక్టరీలకు తీసకపోయి, మళ్లా తెచ్చి దించేవాణ్ణి. ఒకరోజు ఫోన్లో ప్రకటన కనిపించింది: అరుదైన పాతకాలపు బ్రిటిష్ స్పోర్ట్స్ కారు, పైకప్పు మడుచుకుంటుంది, పూర్తిగా బాగుచేసినది, అమ్మకానికి. ఫొటోలో అది తలంటు పోసుకున్న పెండ్లికూతురు మాదిరి మెరస్తా ఉండాది. దీన్ని పెండ్లి మెరవణులకు, అదే ఊరేగింపులకు, బాడుగకు తిప్పితే ఇంక వ్యాను ఎవురికి కావల్ల?

"ఒకసారి ఆలోచించు" అనింది నా భార్య సరళ.

ఆలోచించేవాణ్ణే అయితే మీకీ కథ ఉండేది కాదు. వ్యాను అమ్మేసి చిత్తూరు పోయినాను.

కారు సొంతదారు దొరసామి గారు, రిటైరైన ఇంజనీరు. దాన్ని ఏండ్ల తరబడి తన చేతుల్తోనే బాగుచేసుకున్నాడు. మోకాళ్ల నొప్పులొచ్చి, అంత కిందికి దిగి కూచోలేక అమ్ముతాండాడు.

"దేనికప్పా నీకిది?"

"పెండ్లి మెరవణికి సార్."

"ఇది ఇద్దరి బండి. సూసుకున్నావా?"

"పెండ్లికి కావల్సింది ఇద్దరే గదా సార్!"

ఆయన నన్నొక చూపు చూసి తాళంచెవి చేతిలో పెట్టినాడు.

మొదటి మెరవణి వడమాలపేటలో, మా మరదలు కవిత పెండ్లికే. పెండ్లికి ముందురోజు, రిసెప్షన్ సాయంత్రం కారు చుట్టూ ఊరంతా మూగింది. "మా పెద్దల్లుడు తెచ్చినాడు" అని మామ దారినపోయేవాళ్లను కూడా ఆపి చెప్తాండాడు. పెండ్లికొడుకు మురళి ఒక సీట్లో, కవిత ఇంకో సీట్లో కూచున్నారు. మేళం అందుకునింది. నేను తాళంచెవి వేలికి తిప్పుకుంటా, సినిమా హీరో మాదిరి పోయి తలుపు తీసినాను.

"దిగు మురళీ, నేను తోలల్ల."

"దిగి యాడ కూచునేది అన్నా?"

అటు చూస్తే కవిత. వెనక చూస్తే డిక్కీ. మేళం ఆగిపోయింది.

"బావా, కొనేటప్పుడు డ్రైవర్ను లెక్కపెట్టలేదా?" అనింది కవిత మెల్లగా.

"పోనీ, అబ్బాయి తోలితే?" అన్నాడు మామ.

"నాకు బైకు తప్ప ఏమీ రాదు మామా."

"కవితకు వచ్చు గదా" అనింది సరళ.

"పెండ్లికూతురు బండి తోలడమా!" మురళి అమ్మ కండ్లెర్రజేసింది. "మా తల యాడ పెట్టుకోవల్ల?"

బుద్ధున్నోడైతే అక్కడే ఆటోను పిలిచుంటాడు. నేను మాత్రం, "తోసుకోని పోదాం. మురళీ, నువ్వు స్టీరింగ్ పట్టుకో సాలు" అన్నాను.

తోసినాము. మండపం కాడ రోడ్డు కిందికి వాలుగా ఉండాదని నేను చూసుకోలేదు. కారు మా చేతులు విడిపించుకోని పోయింది.

"బ్రేకు తొక్కు!"

"యాడుండాదన్నా?"

"కాళ్ల కాడ!"

"కాళ్ల కాడ మూడుండాయి!"

మేళగాళ్లు చెల్లాచెదురైనారు. కారు నేరుగా పోయి స్వాగత తోరణానికి గుద్దుకునింది. పైన ఫ్లెక్సీలో నవ్వుతాండే మురళి, కింద ఏడుస్తాండే మురళి మీద పడినాడు. కారు పైకప్పు మడిచిపెట్టకుండా ఉంటే ఆపేది. తోరణం వెదురుబొంగు తగిలి పెండ్లికొడుకు నుదుట బొప్పి కట్టింది.

"అపశకునం! ఈ పెండ్లి మాకొద్దు" అని వాళ్లమ్మ అందర్నీ తీసుకోని పోయి బస్సులో కూచునింది.

ఎవురి ముందరా తల వంచని మా మామ, ఆ బస్సు మెట్టు కాడ చేతులు జోడించి నిలబడినాడు. నేను పక్కకు పోబోతే, వెనక్కి తిరక్కుండానే, "నువ్వు రావద్దప్పా" అన్నాడు. తిట్టుంటే బాగుండు.

వాళ్లు కరిగినారు, మరుసటి పొద్దున పెండ్లి జరిగింది. ఫొటోల్లో నేను లేను. సొట్టపడిన కారును అడిగినోడికి, అడిగినంతకు ఇచ్చేసినాను. ఇప్పుడు ఇంకొకరి వ్యానుకు డ్రైవరుగా ఉండాను.

అలిపిరి కాడ టెంకాయ కొట్టి, కొండకు దండం పెట్టి ఒట్టేసినాను: స్వామీ, ఇంక చుట్టాల శుభకార్యాలకు ఏ బండీ తేను, పిలిస్తే నడిచే పోతాను. ఆ ఒట్టు ఇంతవరకు తప్పలేదు.

ఎవురూ పిలవలేదు.