రెండు పేపర్లు, గొంతు మార్చకుండా

ఆదివారం ఉదయం ఎనిమిదింబావుకు మా బావ ఆళ్లగడ్డలో తన కిరాణా అంగడి ముందు బల్ల మీద కూర్చుని, "ఇంగ సదువప్పా" అన్నాడు. నేను పేపరు విప్పాను. అది ఆయన పార్టీని మెచ్చుకునే పేపరు. నా పార్టీని మెచ్చుకునేది నా సంచిలో ఉంది. ఏ పేపరు ఎవరి పక్షమో మా వైపు అందరికీ తెలుసు. ఆ రోజు మొదలు, పెళ్లిళ్లూ జ్వరాలూ అడ్డం రాని ప్రతి ఆదివారమూ నంద్యాల నుంచి బస్సులో వెళ్లి ఆయనకు రెండు పేపర్లూ చదివాను. ఆయన పోయేదాకా చదివాను.

ఆయన మా అక్క భర్త. షుగరు వల్ల రెండు కళ్లూ పోయాయి. మొదట అక్షరాలు పోయాయి, తర్వాత మనుషుల ముఖాలు. కర్నూలులో చూపించాం, హైదరాబాదులో చూపించాం. ఇక చేసేదేమీ లేదని చెప్పి పంపారు. తిరిగి వచ్చేటప్పుడు కారులో పాణ్యం దాటాక ఆయన ఒక మాట అన్నాడు. "కాటా వాడు చూసుకుంటాడు. పేపరెట్లప్పా?"

వాడంటే ఆయన కొడుకు. అప్పటికే అంగడి అతనే నడుపుతున్నాడు. తండ్రి పార్టీయే అతనిదీ. కొన్నాళ్లు తండ్రికి పేపరు చదివి వినిపించాడు కూడా. బావే మాన్పించాడు.

"వాడు సదివితే దినామూ మనమే గెలిచినట్ల ఉంటాదప్పా. నచ్చంది ఎగరగొడ్తాండాడు. పేజీ తిప్పే సప్పుడు నాకు తెల్దా? నువ్వు మా పార్టీ అంటే పడనోనివి. నువ్వు సదువు. ఏమీ ఇడ్సిపెట్టవు."

నేను నంద్యాలలో బట్టల వ్యాపారం చేసి వదిలేసినవాణ్ణి. చదవడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు, మాట్లాడటం తక్కువ. సరేనన్నాను. ఆయన పెట్టిన షరతు ఒకటే. ఎవరి పేపరైనా, ఎవరి మాటైనా, గొంతు మార్చకుండా చదవాలి.

అది అనుకున్నంత సులువు కాలేదు. ఆయన నాయకుడి ప్రసంగం వచ్చేసరికి నా గొంతు నాకు తెలియకుండానే వంకర పోయేది. "ఆగు. మళ్లా మొదట్నుంచి. నీ ఎటకారం నీ ఇంట్లో పెట్టుకో" అనేవాడు. నా నాయకుడి ప్రసంగం వచ్చినా ఆపేవాడు. "ఏందప్పా, మీవోడు రాంగానే గొంతు నెయ్యి తాగినట్లాయె?" అంగడికి వచ్చినవాళ్లు నవ్వేవాళ్లు. అక్క లోపలి నుంచి, "వాన్ని ఊపిరి తీసుకోనీ అయ్యా, బస్సు దిగొచ్చినాడు" అని ఉగ్గాని, బజ్జీ తెచ్చి మా మధ్య పెట్టేది.

చదవడం అయ్యాక వాదన. రోడ్లు, కరెంటు, పథకాలు, ఎవరు ఎవరిని జైల్లో పెట్టారు. గొంతులు పెరిగేవి. ఒకసారి నేనన్నాను, గెలిచినవాడు ఓడినవాళ్ల వీధికి కూడా నీళ్లు ఇవ్వాలి కదా బావా, లేకపోతే ఎన్నికలు ఎందుకని.

"ఇయ్యాల. మీవాళ్లు ఇచ్చినారా?"

"లేదు."

"మావాళ్లూ ఇయ్యల్యా. ఇంగ సినిమా పేజీ సదువు."

ఓటు గురించి మాత్రం ఆయన ఎప్పుడూ తమాషాగా మాట్లాడలేదు. ఎందుకో ఒక ఆదివారం చెప్పాడు. "నాకు ఓటొచ్చిన మొదటిసారి పొద్దున్నే తలకు పోసుకుని పోయినా. ‘నీది పడిపోయింది, ఇంటికి పోన్నా’ అన్యారు. ఎవరికి పడిందో చెప్పల్యా. నేనూ అడగల్యా. అడిగే రోజులా అయి? తిరిగొచ్చి అంగడి తెరుచుకున్నా." తర్వాత కాలం మారింది, ప్రతి ఎన్నికలోనూ ఓటు వేశాడు. అయినా చెప్పిన ప్రతిసారీ ఆ మొదటిదే చెప్పేవాడు.

మళ్లీ ఎన్నికలు దగ్గర పడ్డాయి. అంగడికి వచ్చినవాళ్లు నవ్వడం మానేశారు. కొందరు నా పేపరు చూసి పక్క అంగడికి పోయారు. ఒక ఆదివారం నేను బస్సు దిగి వచ్చేసరికి మేనల్లుడు మెట్ల దగ్గరే ఎదురొచ్చాడు.

"కోపం చేసుకోవద్దు మామా. ఆ పేపరు ఈడ పైకి సదవొద్దు. మంది ఇంటాండారు. నిన్న ఒకాయన అడిగినాడు, ‘ఏం శెట్టీ, పార్టీ మార్చినారా?’ అని. నేను పార్టీ తరఫున బూతులో ఏజెంటుగా కూచుంటాండా. నా పరిస్థితి చూడు."

అతని మీద నాకు కోపం రాలేదు. ఆ ఊళ్లో అంగడి పెట్టుకున్నవాడు అందరి ముఖాలూ చూడాలి. బావ బల్ల మీద నుంచి అంతా విన్నాడు. "అంగడి వానిది. వాని మాట ఇనాల" అని లేచాడు. కొడుకే బల్లను లోపలికి మోసి బియ్యం బస్తాల పక్కన వేశాడు. నేను అక్కడ కూర్చుని మెల్లగా చదవడం మొదలుపెట్టాను.

"గొంతు మార్చొద్దంటి కదా" అన్నాడు బావ.

"మార్చలేదు బావా. తగ్గించినా."

"తగ్గించేదీ మార్చేదే."

అయినా తగ్గించే చదివాను.

పోలింగుకు ముందు ఆదివారం చదవడం అయ్యాక ఆయన నా చెయ్యి వెతికి పట్టుకున్నాడు. "నా ఓటు నువ్వేయాల." చూపు లేనివాళ్లు తోడు మనిషిని తీసుకుపోయి ఓటు వేయించుకోవచ్చు. ఆ సంగతి నేనే ఆయనకు పేపర్లో చదివి వినిపించాను.

"నేను ఎదుటి పార్టీ మనిషిని బావా."

"నాకు తెల్దా?"

కౌంటరు దగ్గర నుంచి కొడుకు వచ్చాడు. "నాయనా, కన్న కొడుకును నేనుండంగా మామతో ఏందీ? బూతులో అందరి ముందరా నా తల యాడ పెట్టుకోవాల? పోనీ, అమ్మను తీస్కపో."

"మీయమ్మ నువ్వు చెప్పింది నొక్కుతాది. నువ్వు పార్టీ చెప్పింది నొక్కుతావు. పార్టీ నాదే కావచ్చు. ఒకసారి నా ఓటు పార్టీవాళ్లు యేసినారు. ఇంగ సాలు."

కొడుకు నావైపు చూశాడు. నేను వద్దని చెబుతానని అనుకున్నాడేమో. నేను పేపర్లు మడిచి సంచిలో పెట్టుకున్నాను. సోమవారం పోలింగు, ఆ ఉదయం ఏదో వంక చెప్పి నంద్యాలలోనే ఉండిపోవచ్చునని కూడా అనుకున్నాను. అక్క ఫోను చేసింది. "తమ్ముడా, ఆయన తెల్ల అంగీ ఇస్త్రీ చేపిచ్చుకున్నాడు. నువ్వు రాకుంటే ఆయన పోడు" అంది.

పోలింగు రోజు నా ఓటు నంద్యాలలో పొద్దున్నే వేసి బస్సెక్కాను. మధ్యాహ్నం జనం పలచబడ్డాక ఆయనను బడికి నడిపించుకుని వెళ్లాను. బూతు లోపల ఏజెంట్లు బెంచీ మీద వరసగా ఉన్నారు. మేనల్లుడు చేతిలోని జాబితాలోకి చూస్తున్నాడు. నా పార్టీ ఏజెంటు నన్ను గుర్తుపట్టాడు.

"పెద్దాయనా, మీ బామ్మర్ది మావోడు. ఈ పొద్దు మీ ఓటు మాదే!"

పక్కవాళ్లు నవ్వారు. మేనల్లుడు తల ఎత్తలేదు. "మీదైతే లెక్కబెట్టేటప్పుడు ఎంచుకోండి. ముందు దారి ఇడ్సండి" అన్నాడు బావ.

అధికారి నన్ను అడిగాడు, ఈ రోజు ఇంకెవరికైనా ఇట్లా తోడు వచ్చారా అని. లేదన్నాను. బావ ఓటు ఎవరికో బయట చెప్పనని సంతకం పెట్టించుకున్నాడు. నా ఎడమ చేతి వేలికి పొద్దున పెట్టిన సిరా ఉంది. తోడు వచ్చినందుకు కుడి చేతి వేలికి కూడా పెట్టారు.

అట్ట చాటున బావ నా చెవిలో గుర్తు చెప్పాడు. నొక్కే ముందు నేను ఒకసారి ఆగాను. చూసేవాళ్లు ఎవరూ లేరు. ఆయన చెయ్యి నా భుజం మీద ఉంది. నొక్కాను. అద్దం వెనక చీటీ కనిపించింది. అది కిందికి పడింది, మిషను మోగింది.

"పడిందా?"

"పడింది బావా."

అసెంబ్లీకి ఒక మిషను, పార్లమెంటుకు ఒకటి; రెండో మిషను దగ్గర రెండో గుర్తు చెప్పాడు. దానికీ అంతే. ఆయన ఏ గుర్తులు చెప్పాడో నేను ఎవరికీ చెప్పలేదు, ఇక్కడా చెప్పను. చెప్పినవే నొక్కాను.

దారిలో ఆయన నన్ను ఏమీ అడగలేదు. ఎండ గురించి మాట్లాడాడు. చీకటి పడ్డాక మేనల్లుడు వచ్చాడు. పొద్దంతా ఆ బెంచీ మీద అతను ఎన్ని మాటలు పడ్డాడో, నేను విన్నది మాత్రం ఒక్కటే. అన్నం ముందు కూర్చుని కలపకుండా అడిగాడు. "మామా, నిజం చెప్పు. యాడ నొక్కినావు?"

"నేనే అడగల్యా. నీకేందిరా?" అన్నాడు బావ.

"గమ్మున తినండి ఇద్దరూ" అంది అక్క.

ఆ ఎన్నికల్లో బావ పార్టీ ఓడిపోయింది. తర్వాతి ఆదివారం నా పేపరు మొదటి పేజీ అంతా సంబరమే. దాన్ని సంబరం లేకుండా చదవాలి. రెండుసార్లు ఆపి మొదట్నుంచి చదివించాడు. మేనల్లుడు వినలేక రోడ్డు మీదికి పోయి నిలబడ్డాడు. అయిపోయాక బావ, "బాగా సదివినావులే. నీకూ కష్టమే" అన్నాడు. ఆయన పేపరు చదివాను. అందులో ఓటమికి కారణాలు రాశారు. ఒక కారణం దగ్గర, "అది నిజం కాదు, ఇంగో పేరా సదువు" అని ఆయనే అన్నాడు.

వానలు ముగిసే రోజుల్లో ఆయన నిద్రలోనే పోయాడు. కర్మలు అయ్యాయి. మరుసటి ఆదివారం నేను ఆలోచించకుండానే రెండు పేపర్లు కొని ఆళ్లగడ్డ బస్సెక్కాను. శిరివెళ్ల దగ్గర గుర్తొచ్చింది, ఇక చదవాల్సిన పని లేదని. దిగలేదు.

బల్ల మళ్లీ అంగడి ముందుకు వచ్చి ఉంది. మేనల్లుడే తెచ్చి వేశాడట. నేను కూర్చున్నాను. అతను టీ తెచ్చి ఇచ్చి పక్కన కూర్చున్నాడు.

"మామా, ఆ పొద్దు నాయన చెప్పిందే నొక్కినావు కదా?"

"మీ నాయన చెప్పిందే."

"నువ్వు నిజం చెప్తాండావో లేదో నాకెట్ల తెలుస్తాది?"

"తెలీదు నాయనా. మీ నాయనకూ తెలీదు."

అతను చేత్తో ముఖం తుడుచుకున్నాడు. "ఆయనకు తెలుసులే మామా" అన్నాడు. నా సంచి వైపు చూసి, "ఒకసారి సదువు" అన్నాడు.

ముందు అతని పేపరు విప్పాను. గొంతు మార్చకుండా, తగ్గించకుండా చదివాను. అతను తల వంచుకుని విన్నాడు. నా పేపరు విప్పేసరికి శనగలు కావాలని ఒకాయన వచ్చాడు, అతను లేచి కాటా దగ్గరికి పోయాడు. ఇంకొకరు వచ్చారు. తిరిగి వచ్చి, "మిగతాది ఫోన్లో చూసుకుంటాలే మామా" అని మెల్లగా చెప్పాడు. వెళ్లేటప్పుడు అక్క కట్టిచ్చిన కందిపప్పు సంచిని బస్టాండు దాకా తనే మోసుకొచ్చాడు.

ఇప్పటికీ నెలకోసారి అక్కను చూడటానికి పోతాను. బల్ల అక్కడే ఉంది. ఆ అంగడి ముందు ఇప్పుడు ఎవరూ పేపరు పైకి చదవరు.