మామ సైకిల్‌కు కొత్త సీటు పైపు

మా మామ బాగా పొడుగు మనిషి. పటేల్‌గూడలోని మా ఇంట్లో ఏ గదిలోకి పోవాలన్నా ఆయన తల వంచాల్సిందే. ఆయన సైకిల్ కూడా ఆయనకు తగ్గట్టే ఉండేది. పెద్ద ఫ్రేము, దాని మీద ఎక్కడో పైన సీటు.

మామూలు సైకిల్‌కు సీటు పైపు ఫ్రేములోకి దిగి ఉంటుంది. బోల్టు వదులు చేసి పైకీ కిందికీ జరుపుకోవచ్చు. మామ సైకిల్‌కు ఆ వీలు లేదు. గుంతల రోడ్డు మీద ఆయన బరువుకు సీటు మాటిమాటికీ కిందికి జారేదట. విసుగొచ్చి, నేను కోడలిగా రాకముందే, తన ఎత్తుకు సరిగ్గా నిలబెట్టించి పైపును ఫ్రేముకు వెల్డింగ్ చేయించేశాడు. ఆ రోజు నుంచి అది ఆయనొక్కడి సైకిల్ అయింది. మా ఆయనది తల్లి పోలిక, పొట్టి. సీటెక్కితే పాదాలు పెడల్ మీద ఆనేవి కావు. అందుకే తను కంపెనీ బస్సులోనే డ్యూటీకి పోయేవాడు.

పెళ్ళైన కొన్నేళ్ళకు, తొంభైల మొదట్లో, పటాన్‌చెరు దగ్గర ఒక మందుల కంపెనీలో నాకు ప్యాకింగ్ పని దొరికింది. పొద్దుటి పని, మధ్యాహ్నం భోజనం వేళకు ఇల్లు చేరవచ్చు. ఇబ్బంది అంతా పోయేటప్పుడే. పొలాల గట్ల మీదుగా మెయిన్ రోడ్డు దాకా నడిచి, అక్కడ ఆటోలో చోటు కోసం ఎదురుచూడాలి. ఒక వానాకాలం పొద్దున ఎంతకీ ఆటో రాలేదు. వచ్చినవన్నీ నిండిపోయి ఉన్నాయి. గేటు దగ్గరికి చేరేసరికి ఆలస్యమైందని వాచ్‌మన్ లోపలికి పోనివ్వలేదు. తడిసిన చీరతో తిరిగొచ్చి, అత్తమ్మకు సంగతి చెప్పి పొయ్యి దగ్గర కూర్చున్నాను.

అప్పట్లో మా ఇళ్ళలో కోడళ్ళు మామతో ఎదురుగా మాట్లాడేవాళ్ళు కాదు. ఏదైనా అడగాలంటే అత్తమ్మను అడగాలి, ఆమె పోయి ఆయనకు చెప్పాలి. ఆయన జవాబు కూడా అదే దారిలో వచ్చేది. ఒకే గోడకు అటూ ఇటూ ఉన్నా అంతే.

ఆ పూట గోడ అవతల నుంచి మామ గొంతు వినబడింది.

"ఏమే, పిల్లకు సైకిల్ తొక్కుడొస్తదేమో అడుగు."

అత్తమ్మ నావైపు చూసింది. రుద్రారంలో మా పుట్టింట్లో అన్న సైకిల్ మీద చిన్నప్పుడే నేర్చుకున్నాను. వచ్చని తల ఊపాను.

"వస్తదట," అంది అత్తమ్మ. "వస్తె ఏంది? నీ సైకిల్ ఎక్కాల్నంటె నిచ్చెన వెయ్యాలె."

ఆ వచ్చిన ఆదివారం పొద్దున్నే మామ సైకిల్ బయటికి తీశాడు. నన్ను కూడా రమ్మన్నాడని అత్తమ్మ చెప్పింది. సైకిల్ తొక్కాలంటే చీర కుదరదని ఆమే పెట్టె వెతికి, నా పెళ్ళికి ముందటి పంజాబీ డ్రెస్సు తీసి ఇచ్చింది. ఆయన సైకిల్ నడిపించుకుంటూ ముందు, నేను చున్నీ సర్దుకుంటూ కాస్త దూరంగా వెనక, అలా అమీన్‌పూర్ దారిలోని రిపేరు షాపుకు పోయాం.

షాపతను మామకు పాత పరిచయం. సీటు కింద వెల్డింగ్ చూసి నవ్వాడు.

"పటేలా, జిందగీల ఊడొద్దని కొట్టిచ్చినవు గదా దీన్ని! గిప్పుడెందుకు పరేషాన్? పిల్లకు లేడీస్ సైకిల్ తీసుకో."

"ఉన్న సైకిల్ ఉండంగ ఇంకోటెందుకు? ఇద్దరం తొక్కేతట్టు చెయ్యి."

అతను సీటు విప్పి, వెల్డింగ్ మీదనే ఇనుము కోసే బ్లేడుతో కోయడం మొదలుపెట్టాడు. మామ ఫ్రేమును మోకాళ్ళ మధ్య బిగించి పట్టుకున్నాడు. పైన ఉన్న ముక్క తెగి పడింది. కానీ పాత పైపు కొస ఫ్రేము లోపలే ఉండిపోయింది. అది రాకపోతే కొత్త పైపు దిగదు. తుప్పుతో రెండూ ఒకటైపోయి ఉన్నాయి. కిరసనాయిలు పోసి, చాయ్ తాగి వచ్చి, పట్టుకారుతో తిప్పి చూశారు. కదల్లేదు. షాపతను ఉలి పెట్టి సుత్తితో కొట్టాడు.

ఠక్కున ఒక చప్పుడైంది. లోపలి ముక్క వదులైంది, కానీ దాంతోపాటు ఫ్రేము పైపు కూడా వెనకవైపు వేలెడంత చీలింది.

మామ ఫ్రేము వదిలి, పక్కనున్న పాత టైరు మీద కూర్చున్నాడు. అంత పొడుగు మనిషి అలా కుదించుకుని కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. ఎన్నో ఏళ్ళుగా డ్యూటీకీ పొలానికీ తిరిగిన బండి నా కోసం పాడైపోయిందే అనిపించింది. అత్తమ్మ పక్కన లేదు. ఎవరితో చెప్పించను?

"మామా," అన్నాను. "నాకొద్దు. నేను నడిచే పోత. దీన్ని మళ్ల ఎప్పటిలెక్కనే అతికిచ్చుకుందాం."

ఆయన తలెత్తి నా వైపు చూశాడు. నేను నేరుగా ఆయనతో అన్న మొదటి మాటలు అవే. కోపం చేస్తాడనుకున్నాను.

"నడుసుడెందుకు బిడ్డా? పగిలిందైతే పగిలింది. ఎట్లనన్న బాగు చేపిద్దాం, ఆగు," అన్నాడు.

సైకిల్‌ను అలాగే భుజాన వేసుకుని మామ ఎదురుగా ఉన్న వెల్డింగ్ షాపుకు పోయాడు. అక్కడ పనిచేసేది బిహార్ అతను. మామ వచ్చీరాని హిందీలో చెప్పాడు, చేతులతో కూడా చెప్పాడు. అతను చీలిక చివర చిన్న బెజ్జం వేశాడు, అది ఇక ముందుకు పాకకుండా. తర్వాత కాస్త లావు పైపు ముక్కను ఉంగరంలా చీలిక మీద తొడిగి, చుట్టూ అతికాడు. ఆ ఉంగరానికి కూడా వెనకవైపు చీలిక పెట్టి, చెవుల్లా రెండు ఇనుప ముక్కలు అతికి, వాటి గుండా బోల్టు దూర్చాడు. బోల్టు బిగిస్తే సీటు పైపును గట్టిగా పట్టుకుంటుంది, వదులు చేస్తే అది జారుతుంది. ఇంతసేపూ ఏడిపించిన చీలికే ఇప్పుడు పనికొచ్చింది. తర్వాత రిపేరు షాపతను ఫ్రేము లోపల ఆకురాయితో రాకి నున్నగా చేసి, కొత్త సీటు పైపు దించాడు. నూనె రాసిన పైపు మెల్లగా లోపలికి దిగుతుంటే మామ ముఖంలో మొదటిసారి నవ్వు కనిపించింది.

ఎత్తు చూసుకోవడానికి నన్ను ఎక్కమన్నారు. షాపతను హ్యాండిల్ పట్టుకున్నాడు. మామ మర్యాదగా రోడ్డు వైపు తిరిగి నిలబడి, అటు చూస్తూనే అడిగాడు:

"మడిమె పెడల్‌కు అందుతున్నదా?"

"అందుతున్నది మామా."

"కాలు సక్కగ వస్తున్నదా?"

"వస్తున్నది."

"ఇగ బిగియ్యి," అన్నాడు షాపతనితో.

మొదట కొంచెం తూలాను. నాలుగు పెడల్స్ తొక్కేసరికి కాళ్ళకు పాత అలవాటు తిరిగొచ్చింది. "నువ్వు పో, నేను నడిచొస్త," అన్నాడు మామ. దారిలో నాట్లు వేస్తున్న ఆడవాళ్ళు నడుములెత్తి చూశారు. ఎవరో ఈల వేశారు కూడా. నేను ఆగలేదు.

తర్వాత రోజూ నేను మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి మామ తన మధ్యాహ్నం షిఫ్టుకు తయారై పానా పట్టుకుని వాకిట్లో నిలబడి ఉండేవాడు. సీటు పైకి లాగి బిగించుకుని పోయేవాడు. పొద్దున నేను లేచేసరికి సీటు నా ఎత్తుకు దిగి ఉండేది. దించమని నేనెప్పుడూ అడగలేదు, ఆయన ఎప్పుడూ మరిచిపోలేదు. ఆ సీటు మార్చే రెండు నిమిషాల్లో మా మధ్య మాటలు మొదలయ్యాయి. ముందు బ్రేకుల గురించి, చైను గురించి. తర్వాత పని గురించి, మా పుట్టింటి గురించి, పొలంలో ఏం వేద్దామనే దాని గురించి. అత్తమ్మ లోపల నుంచి, "ఇగ నాతోని పనే లేదు మీకు," అని నవ్వేది.

ఆయన రిటైరైన కొన్నాళ్ళకు మోకాళ్ళు పట్టేశాయి. కాలు పైకెత్తి అంత ఎత్తు సీటు ఎక్కడం కష్టమయ్యేది. ఒక మధ్యాహ్నం నేను దిగగానే, ఆయన కోసం సీటు పైకి లాగుదామని పానా నేనే అందుకున్నాను.

"వద్దు బిడ్డా," అన్నాడు. "నీ ఎత్తే ఉండనియ్యి. నాకు గదే సుఖముంది."

మోకాళ్ళు కాస్త బయటికి పెట్టి, చిన్నపిల్లల సైకిల్ మీద కూర్చున్నట్టు, నెమ్మదిగా చెరువు వైపు తొక్కుకుంటూ పోయాడు.