అన్న సైకిలు హ్యాండిలు

మా అన్నకు నడుము వంగదు. తొండూరు దగ్గర మా ఊళ్లో ఎన్నికల నాడు రాళ్లు రువ్వుకుంటుంటే, ముందుకు దూకిన నన్ను వెనక్కు లాగబోయి ఆ దెబ్బ తను తిన్నాడు. పార్టీ పిచ్చి నాది, నొప్పి ఆయనది.

అప్పటినుంచి నిటారుగా కూర్చుని తొక్కేలా పాత సైకిలు హ్యాండిలు బాగా పైకి ఎత్తించుకున్నాడు. పాత రకంలో అదొక సుఖం. హ్యాండిలు కింది కడ్డీ ముందు చక్రం ఫోర్కు గొట్టం లోపలికి దిగి ఉంటుంది. పైన ఒక్క బోల్టు వదులు చేస్తే లేపుకోవచ్చు.

కొన్నేళ్లకు ఆ గొట్టం మరలు అరిగి హ్యాండిలు ఊగడం మొదలైంది. ఊళ్లో సైకిలు షాపు ఒక్కటే, అదీ అవతలి పార్టీ ఆయనది. కొట్లాటలు సద్దుమణిగినా అక్కడ మేం గాలి కూడా కొట్టించుకోం. "నువ్వు ఆ గడప తొక్కితే నా తల తీసేసినట్టే" అన్నాను అన్నతో.

"సరేలేరా" అన్నాడు.

ప్రొద్దుటూరు తీసుకెళ్లి, పాతది ఇచ్చేసి, కొత్త రకం కొన్నాను. దీని గొట్టానికి మరలుండవు. హ్యాండిలు బయటి నుంచే గొట్టాన్ని కరిచి పట్టుకుంటుంది.

"గొట్టం పొడుగుండాదప్పా, యాడికి కోయాల? కోసినాక హ్యాండిలు మళ్లా పైకి లేయదు" అన్నాడు షాపాయన.

అన్న బయట టీ తాగుతున్నాడు. ఆయన్ను అడగాలని కూడా నాకు తోచలేదు. పొడుచుకొచ్చిన గొట్టం ఎబ్బెట్టుగా ఉందని, "సమంగా కోసెయ్" అన్నాను.

వంగితే గానీ హ్యాండిలు అందక అన్న దాన్ని తొక్కలేకపోయాడు. గడ్డిమోపు కట్టి పొలం నుంచి నెట్టుకుంటూ వచ్చేవాడు. ఎవరన్నా అడిగితే, "మా తమ్ముడు కొనిచ్చినాడు, శానా బాగుండాది" అనేవాడు. ఆ మాట వినబడితే నాకు సిగ్గుతో చచ్చినంత పనయ్యేది.

చివరికి పౌరుషం గంగలో కలిపి అవతలి పార్టీ షాపుకే వెళ్లాను. పాత రకం సైకిలు ఒకటి చూసి హ్యాండిలు ఎత్తివ్వమన్నాను. ఎవరికని ఆయన అడగలేదు. రొమ్ముదాకా చెయ్యి పెట్టి, "ఇంతెత్తు గదప్పా?" అన్నాడు.

"నీకెట్లా తెలుసు?"

"మీ అన్నకు మొదటినుంచీ ఎత్తిచ్చింది నేనే. నువ్వు పులివెందులకు పోయిన రోజు చూసుకోని వచ్చేటోడు. ఆ ఊగే హ్యాండిలు బాగు చేస్తాలే అంటే, తమ్మునికి మాటిచ్చినా అని రాకపాయ."

సైకిలు ఇంటికి తెచ్చాను. ఎత్తు చూడగానే అది ఎవరు చేశారో అన్నకు తెలిసిపోయింది. హ్యాండిలు మీద చెయ్యి వేయకుండా, నేను కోప్పడతానేమోనని భయంగా నా ముఖంలోకి చూశాడు.