గోరుతో చూసే మనిషి

ఆయన ముఖం కన్నా బొటనవేలి గోరే నాకు బాగా గుర్తు. ఖాజాగూడ దగ్గరి మా షెడ్డులో లేజర్ మిషన్ ఆపరేటర్. కోసిన ప్రతి ముక్క అంచునూ గరుకుందేమోనని గోరుతో గీరి చూసేవాడు. “గోరు అబద్ధం చెప్పదు సార్” అనేవాడు. తెలంగాణ బంద్ రోజుల్లో ఊరేగింపులకు పోయేవాడు. గుంటూరు నుంచి మేనేజర్‌గా వచ్చిన నా దగ్గర మాత్రం ఆ ఊసెత్తేవాడు కాదు.

కొత్తగా ఫైబర్ లేజర్ వచ్చింది. పాత గ్యాస్ లేజర్ కన్నా చాలా వేగంగా ఇనుప రేకులు కోసేది. పాతదాన్ని అమ్మేయమని యజమానికి రాసింది నేనే; కొనేవాళ్లు ఇంకా దొరకలేదు.

రాష్ట్రం వచ్చిన వారం ఒక ఐటీ ఆఫీసు వాళ్లు తమ బోర్డుకు ‘తెలంగాణ’ అక్షరాలు అడిగారు, గాజులాంటి అక్రిలిక్‌లో. ఆ అక్రిలిక్ పలకను కొత్తదాని మీదే వేశాను. కిరణం పలకలోంచి దూసుకుపోయి కింది ఇనుప పట్టీలను కాల్చింది. పలక మీద గీత కూడా పడలేదు.

ఆయన నవ్వలేదు. “దానికి ఇనుమే కనవడతది సార్, గిది కనవడదు. పాతదాని మీద వెయ్యుండ్రి.”

పాతది నెమ్మదిగా కోసింది. ఆయన ‘తె’ అక్షరం తీసి, తాను గీరకుండానే నా చేతిలో పెట్టాడు.

“ఈసారి మీ గోరుతోని సూడుండ్రి సార్.”

అంచంతా గీరాను. నా గోరుకు ఎక్కడా గరుకు తగల్లేదు.