మూడో దీపం ఎర్రబడిన ఆదివారం

అరసవల్లి గుడికి వెళ్లే దారిలో ఉన్న ఒక మూడంతస్తుల లాడ్జిలో చిన్నతల్లి గదులు ఊడుస్తుంది, దుప్పట్లు మారుస్తుంది. పుట్టింది కళింగపట్నం వైపు ఒక చేపల ఊళ్లో. ఆమె చిన్నప్పుడు, మగవాళ్లంతా వేటకి పోయిన ఒక వేసవి మధ్యాహ్నం, ఆ పేటకి నిప్పంటుకుంది. తాటాకు ఇళ్లు, వలలు, ఎండబెట్టిన చేపలు అన్నీ కాలిపోయాయి. మంచాన పడున్న మామ్మని ఎవరూ బయటికి తేలేకపోయారు. తడిక అవతల నుంచి మామ్మ పిలిచిన పిలుపు చిన్నతల్లి చెవిలో ఇప్పటికీ ఉంది. అగ్గిపుల్ల గీసినా ముఖం పక్కకి తిప్పుకుంటుంది.

లాడ్జి రిసెప్షన్ గోడకి ఎర్ర పెట్టె ఒకటి బిగించడానికి ధనరాజ్ అనే మెకానిక్ వచ్చాడు. గదిగదికీ పైకప్పున పొగ పసిగట్టే గుండ్రటి బిళ్లలు పెట్టి, వాటి వైర్లన్నీ తెచ్చి ఆ పెట్టెకి కలిపాడు.

“ఇది సిన్న బిల్డింగులకి పెట్టే రకమమ్మా. అంతస్తుకొక దీపం. పొగ తగిల్తే ఆ అంతస్తు దీపం ఎర్రగా ఎలుగుతాది, గంట మోగుతాది,” అన్నాడు.

“ఏ గదిలోనో కూడా సెప్తాదా బాబూ?” అని అడిగింది చిన్నతల్లి.

“అది సెప్పదు. మనమే పైకెల్లి ఎతుక్కోవాల.”

ఆ మాట విన్నప్పటి నుంచి ఆమెకి భయం మొదలైంది. మంట ఉందని తెలుస్తుంది, ఎక్కడుందో తెలియదు. రిసెప్షన్ ముందు నుంచి వెళ్లినప్పుడల్లా ఆమె కళ్లు ఆ దీపాల మీదకే పోయేవి.

గంట తరచుగానే మోగేది. యాత్రికులు గదుల్లో కర్పూరం వెలిగించేవారు, అగరొత్తులు గుచ్చేవారు. మోగినప్పుడల్లా మేనేజరు ఉమాశంకర్ విసుక్కుంటూ మీట నొక్కి దాని నోరు మూయించేవాడు. మోగిన ప్రతిసారీ చిన్నతల్లికి ఒళ్లంతా చెమట పట్టేది.

మాఘమాసంలో ఒక ఆదివారం పొద్దున్న లాడ్జి మొత్తం దర్శనానికి కదిలిపోయింది. చిన్నతల్లి కింద వరండా తుడుస్తుంటే గంట మోగింది. మూడో దీపం ఎర్రబడింది. మూడో దీపమంటే పై అంతస్తు.

ఉమాశంకర్ మీట నొక్కేశాడు. గంట ఆగింది. దీపం మాత్రం ఆరలేదు.

“కర్పూరమే పిన్నీ. నువ్వు బెంగెట్టుకోకు.”

“అందరూ గుడికెల్లిపోనారు కదా బాబూ. కర్పూరం ఎవులు ఎలిగిస్తారు?”

అప్పుడే ఎవరో ఫోన్ చేస్తే అతను అటు తిరిగి మాట్లాడసాగాడు.

చిన్నతల్లి చీపురు అక్కడే పడేసి మెట్లెక్కింది. రెండో అంతస్తు దాటగానే గోడ పట్టుకుని నిలబడిపోయింది. పైనుంచి చప్పుడేమీ లేదు. వెనక్కి తిరిగి ఒక మెట్టు దిగింది కూడా. అంతలో పైన ఎవరో దగ్గినట్టయింది.

వసారాలో పొగ కనిపించలేదు. అన్ని తలుపులకీ బయట తాళాలే. అరచేతిని ఒక్కో తలుపుకీ ఆనిస్తూ, “ఎవులైనా ఉన్నారా?” అని కేకలేస్తూ నడిచింది. చివరి తలుపు వెచ్చగా తగిలింది. కింది సందులోంచి సన్నగా పొగ జారుతోంది. కాలిన దూది కంపు.

లోపల మళ్లీ దగ్గు.

“బాబో! తాళం తెండి! లోపల మనిషున్నాది!” అని అరిచింది. కింద నుంచి పలుకు లేదు. తాళంచెవి కోసం దిగితే ఈ తలుపు దగ్గరికి మళ్లీ రాగలనన్న నమ్మకం ఆమెకి లేదు. గోడకున్న మంటలార్పే సిలిండర్ ఊడదీసి, దాని అడుగుతో గొళ్లెం మీద కొట్టింది. కొడుతూనే ఏడ్చింది. గొళ్లెం ఊడగానే నల్లటి పొగ ముఖాన కొట్టింది.

కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని నేల మీద పాకింది. చేతికి ఒక పాదం తగిలింది. దాన్ని పట్టుకుని కళ్లు మూసుకునే లాక్కొచ్చింది. ఆ చప్పుళ్లకి పరిగెత్తుకొచ్చిన ఉమాశంకర్ సిలిండర్ అందుకుని, రాజుకున్న పరుపు మీద తెల్లటి పొడి చిమ్మాడు.

లోపలున్న ఆమె పేరు హేమ. బొబ్బిలి నుంచి వచ్చింది. జ్వరానికి మాత్ర వేసుకుని పడుకుంటే, ఎవరూ లేపకుండా ఉండాలని భర్త బయట తాళం వేసి దర్శనానికి వెళ్లాడు. చార్జింగ్ పెట్టిన ఫోను పరుపు మీదే వేడెక్కి అంటుకుంది. ఆసుపత్రిలో రెండో రోజుకి తేరుకుంది.

చిన్నతల్లి మాత్రం వారం పాటు పనికి రాలేదు. ఉమాశంకర్ వాళ్లింటికి వెళ్లి గుమ్మంలోనే నిలబడిపోయాడు.

“నీకున్న దైర్నం నాకు నేదు పిన్నీ. ఆ రోజు నాను మీట నొక్కీసి ఊరుకున్నాను,” అన్నాడు.

“నాకేటి దైర్నం బాబూ? ఇప్పటికీ కన్ను మూస్తే ఆ తలుపే అవుపిస్తన్నాది,” అంది.

అయినా తిరిగి పనిలోకి వచ్చింది. గంట మోగితే ఇప్పుడు ఉమాశంకర్ ముందు పైకి పరిగెత్తుతాడు, చూసి వచ్చాకే మీట నొక్కుతాడు. చిన్నతల్లికి మాత్రం భయం తగ్గలేదు. గదికి తాళం వేస్తున్న యాత్రికులెవరు కనబడినా ఎదురెళ్లి, “లోపల ఎవులూ నేరు కదా?” అని అడుగుతుంది. కొందరు నవ్వుతారు, కొందరు కసురుకుంటారు. వాళ్లు తాళం తీసి గది చూపించేదాకా ఆమె అక్కడి నుంచి కదలదు.